తిరుగు పళ్లెములు - విద్యుచ్ఛక్తి



నిండు బరువు గల బండిని కదలించునపుడు ఎడ్లు మెడలు వంచి ఎంత బలము చూపవలయునో మీరెఱుగుదురు. బండి సాగిన పిదప అంత ప్రయాస యుండదు. కంప్యూటరులో లెక్కలను, వ్రాతలను దాచు హార్డు డిస్కునకును ఈ ధర్మమే వర్తించును. దాని చరిత్రమును కొంత ముచ్చటింతము.

హార్డు డిస్కనగా అయస్కాంతపు పూత గల గుండ్రని పళ్లెము. అది గిరగిర తిరుగుచుండగా, గ్రామఫోను ముల్లు వంటి సాధన మొకటి పళ్లెమును తాకకయే అక్షరములను వ్రాయును, చదువును. 1956లో అమెరికాయందు ఐ.బి.ఎం. సంస్థవారు ఇట్టి యంత్రమును మొదట వెలువరించిరి. రెండడుగుల వెడల్పు గల 50 పళ్లెములు నిమిషమునకు 1200 మారులు తిరిగెడివి. ఇంచుమించు టన్ను బరువు గల ఆ యంత్రము దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే.

క్రమముగా పళ్లెము చిన్నదయ్యెను. 1980లో సీగేటు సంస్థవారు ఐదుంబావు అంగుళముల డిస్కును చేసిరి. 1981లో ఐ.బి.ఎం. వారు విక్రయించిన చిన్న కంప్యూటరునకు 63.5 వాట్ల శక్తి చాలెను. 1983లో దాని తరువాతి యంత్రమున హార్డు డిస్కును చేర్చినపుడు, శక్తినిచ్చు పెట్టెను 130 వాట్లకు పెంచవలసి వచ్చెను.

మూడున్నర అంగుళముల డిస్కునకు రెండు విధములగు విద్యుత్తు కావలయును. 12 వోల్టులది మోటారును త్రిప్పును. 5 వోల్టులది తక్కిన పనులను నడపును. కదలునపుడు అట్టి డిస్కు ఇంచుమించు 24 వాట్లు కోరును. తిరుగుట కుదిరిన పిదప అందు మూడవ వంతు చాలును. చిన్న పెట్టెలో నాలుగు డిస్కులమర్చి, నడక లెక్కనే చూచుకొన్నవాని యంత్రము మొదలిడునపుడే చతికిలబడును. అందుచేతనే పెద్ద యంత్రములలో డిస్కులను ఒకదాని వెనుక నొకటిగా కదలింతురు.

1988లో వచ్చిన రెండున్నర అంగుళముల డిస్కుల జాతికి 5 వోల్టులే చాలెను. తిరుగు భాగమే లేని నేటి చిన్న పలకలు కొన్ని 3.3 వోల్టులతోనే పనిచేయుచున్నవి.

విద్యుత్తు హఠాత్తుగా ఆగిన నేమగును? నేటి డిస్కులలో పళ్లెము తిరుగుడు వేగముచేతనే మోటారు క్షణకాలము విద్యుత్తును పుట్టించును. ఆ కొద్దిపాటి శక్తితో ముల్లు తన నెలవు చేరి పళ్లెమును గాయపఱుపకుండును. కాని సగము వ్రాసిన లెక్కను పూర్తిచేయుట దానికి సాధ్యము గాదు.

మన పొలముల పట్టాల వివరములును, బ్యాంకు ఖాతాలును నేడు కంప్యూటరులకెక్కినవి. కావున అట్టి యంత్రమును కొనువారు అదెంత దాచునని మాత్రమేకాక, దానిని కదలించుటకెంత శక్తి గలదు, కరెంటు పోయినపుడు కాపాడు బ్యాటరీ యున్నదా, వ్రాతకు మఱియొక ప్రతి వేఱొకచోట నున్నదా యని విచారింపవలయును. ఒక కుటుంబపు హక్కు ఆ వ్రాతపైననే ఆధారపడి యుండవచ్చును.