దీర్ఘదృష్టియు ఎన్నికల జయాపజయములును

తన పదవీకాలము ముగిసిన పిమ్మటగాని ఫలమీయని కార్యమునకు నేడే ధనమును, శ్రమను, పలుకుబడిని వెచ్చించుట రాజకీయ నాయకుని దీర్ఘదృష్టి యనబడును. దీనికిని ఓటునకును గల సంబంధము నెరుగుటకు జనగామ జిల్లాలోని చిల్పూర్ సీమ తగిన క్షేత్రము. బుగులు వేంకటేశ్వరస్వామి గుట్టతో ప్రసిద్ధిగాంచిన ఈ గ్రామము 2016లో మండల కేంద్రమయ్యెను; ఇది స్టేషన్ ఘనపురం శాసనసభా నియోజకవర్గములోనిది. గోదావరికంటె మిక్కిలి ఎత్తున నున్న మెట్టభూమి యగుటచే ఇచ్చటి సేద్యము చెరువులు, బావులు, బోర్ల మీదనే ఆధారపడియుండెను.

కాకతీయులు పాకాల, రామప్ప చెరువులు త్రవ్వించినపుడు వారికి ఓటుభయము లేదు. ప్రజాస్వామ్యమున ఆ పనికి అయిదేండ్ల గడువు అడ్డు వచ్చెను. ములుగు జిల్లా గంగారం వద్ద గోదావరి జలమును మూడు దశలలో పైకెత్తి, ధర్మసాగరం మున్నగు జలాశయముల మీదుగా వరంగల్లు మెట్టలకు పారించుటకై ఉద్దేశింపబడిన దేవాదుల పథకము దీనికి నిదర్శనము. దాని ఆయకట్టు లక్ష్యము 6.21 లక్షల ఎకరములు. 1999 జనవరిలో విజన్ 2020 పత్రమును ప్రకటించిన నారా చంద్రబాబునాయుడు ప్రభుత్వమే 2004 ఎన్నికలకు ముందు దీనికి శంకుస్థాపన చేసెను. ఆ మంత్రివర్గమున భారీ నీటిపారుదల శాఖ చూచిన కడియం శ్రీహరి ఘనపురం శాసనసభ్యుడే.

అయినను 2004లో తెలుగుదేశము పక్షమున నిలిచిన శ్రీహరి తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి గుండె విజయరామారావు చేతిలో ఓడిపోయెను. 1999లో 180 స్థానములు గెలిచిన తెలుగుదేశము 47కు దిగెను. అంతకుముందు వరుసగా వచ్చిన కరవులలో బావులెండి, బోరు వెంట బోరు వేసి అప్పులపాలైన రైతునకు ఇరువది యేండ్ల తరువాతి స్వప్నము ఊరట కాజాలదు గదా! అతడు కోరినది ఆ యేటి పంటకు కరెంటు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2004 మే 14న ప్రమాణస్వీకారము చేసిన దినముననే ఉచిత విద్యుత్తు దస్త్రముపై సంతకము చేసి ఆ కోరికను మన్నించెను. అతడు దేవాదులను విడువక తన నీటిపారుదల కార్యక్రమమగు జలయజ్ఞమున చేర్చుకొనుట మెచ్చదగినది. పథకమునకు తరువాత కాంగ్రెసు నాయకుడు జె. చొక్కారావు పేరు నిలిచెను. బీజము నాటినదొకరు, పేరు మరియొకరిది. ప్రత్యర్థి పనిని కొనసాగించు ఈ నిగ్రహమే దీర్ఘదృష్టికి నిజమైన పరీక్షయని చెప్పవలెను.

నీటితోనే తీర్పులన్నియు నిర్ణయమైనవనరాదు. 2009లో కాంగ్రెసు పక్షమున గెలిచిన తాటికొండ రాజయ్య 2012 ఉపఎన్నికలోను, 2014, 2018 ఎన్నికలలోను తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున గెలుచుటకు ప్రత్యేక రాష్ట్రోద్యమమే మూలబలము. లక్నేపల్లిలో జన్మించిన పి.వి. నరసింహారావు 1991లో ఆర్థికవ్యవస్థ దిశనే మార్చినను 1996లో ఆయన పక్షము ఓడినది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ మాత్రము భిన్నము: పూడిక తీసిన చెరువు మరు వర్షమునకే నిండును గనుక దూరదృష్టియు తక్షణఫలమును ఒక్కచో కలిసినవి. భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ వద్ద తెలంగాణ రాష్ట్ర సమితి ప్రభుత్వము కట్టించిన బ్యారేజి స్తంభములు 2023 అక్టోబరులో కుంగుటయు, మరునెలలోనే శాసనసభ ఎన్నికలు జరుగుటయు, భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకొనిన ఆ పక్షము అధికారము కోల్పోవుటయు సంభవించినను ఘనపురమున అప్పటికి ఆ పక్షమున చేరి దాని అభ్యర్థియైన కడియం శ్రీహరియే గెలిచెను.

దేవాదుల మూడవ దశలో రామప్ప నుండి ధర్మసాగరమునకు సుమారు 49 కిలోమీటర్ల సొరంగము త్రవ్వవలసి వచ్చెను. ఆ దశ పూర్తికాకమునుపే 2009, 2014, 2018, 2023 సంవత్సరములలో నాలుగు సాధారణ ఎన్నికలు జరిగిపోయినవి.