పుట్టగొడుగు: ఒక మాట వెనుక చరిత్ర

వానాకాలం పాఠాల్లో 'పుట్టగొడుగు' వచ్చినప్పుడు ఆ మాటను బోర్డు మీద రెండుగా విడదీసి రాయండి: పుట్ట, గొడుగు. పుట్ట అంటే చెదపురుగులు కట్టే మట్టి దిబ్బ. తర్వాత దీన్ని బర్మా భాషలో ఏమంటారో పిల్లల్నే అడగండి. 'తౌంగ్‌బో హ్మో'. తౌంగ్‌బో అంటే పుట్టే, హ్మో అంటే పుట్టగొడుగు. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే సంగతిని గమనించాయి.

ఆ సంగతి నిజమే. కొన్ని రకాల చెదలు పుట్ట లోపల వ్యవసాయం చేస్తాయి. నమిలి తెచ్చిన ఎండుటాకులు, కట్టెల పిప్పితో దిమ్మలు కట్టి, వాటి మీద శిలీంధ్రాన్ని పెంచి తింటాయి. వానలు పడ్డాక అదే మట్టిని చీల్చుకుని గొడుగై పైకొస్తుంది. ఈ సాగు సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికాలో మొదలైందని శాస్త్రజ్ఞుల అంచనా. 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్ ఈ ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టారు. అంటే చెదల శిలీంధ్రం. మన పల్లెవాళ్లు పెట్టిన పేరూ దాదాపు అదే కదా!

మన పెద్దలు గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఓడలెక్కి రంగూన్ వచ్చారు. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద వాళ్లను కోరంగీలు అనేవారు. ఈ మాట వాళ్లతోపాటే సముద్రం దాటింది. కానీ ఏది తినొచ్చో గుర్తుపట్టే అనుభవం ఏ అడవికి ఆ అడవిదే. ఒకచోటి గుర్తులు ఇంకోచోట పనికిరాకపోవచ్చు.

ఇది ఊరికే అనడం లేదు. మనం తినే వరిగడ్డి పుట్టగొడుగు లేతగా ఉన్నప్పుడు గుడ్డులా ఉంటుంది. డెత్ క్యాప్ అనే విషపు రకమూ అలాగే ఉంటుంది. ఆసియా నుంచి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లు ఇదే అదనుకొని వండుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ విషం ఉడికించినా పోదు. సాధారణంగా తిన్న 6 గంటలు దాటాకే వాంతులు మొదలవుతాయి, ఆపైన కాలేయం పాడవుతుంది. విషముంటే వెండి చెంచా నల్లబడుతుందనే మాట నమ్మకండి.

అందుకే క్లాసులో మాట నేర్పండి, చెదల కథ చెప్పండి, 'పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి' అనే జాతీయంతో వాక్యాలు రాయించండి. బొమ్మ చూపించి "ఇది తినొచ్చు" అని మాత్రం అనొద్దు. తల్లిదండ్రులకు ఒక మనవి: పుట్టకొక్కు, కుక్కగొడుగు లాంటి పేర్లు మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటే పిల్లల చేత రాయించి పంపండి. ఆ ఏరుకొచ్చే పని ఎంత చేసినా ప్రమాదం లేదు.