జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో గ్రూప్-1 పరీక్షల సన్నద్ధత

గ్రూప్-1 అనునది ఆంధ్ర ప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే పోటీ పరీక్ష. డిప్యూటీ కలెక్టరు, డి.ఎస్.పి. వంటి ఉన్నతోద్యోగాలకు దీని ద్వారా ఎంపిక జరుగుతుంది. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామల నుండి ఈ పరీక్షకు తయారయ్యే అభ్యర్థులకు ఉపయోగపడే విషయాలు ఈ వ్యాసంలో ఇవ్వబడినవి. ఈ రెండు పట్టణాలు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నవి.

నేపథ్యం

రెండు పట్టణాలూ హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిని ఆనుకొని ఉన్నవి. నందిగామ నుండి విజయవాడ సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుండి సుమారు 75 కిలోమీటర్లు. డిగ్రీ వరకు స్థానికంగానే చదువుకొనే వీలున్నది. ఆ తరువాత శిక్షణ కొరకు కొందరు విజయవాడకు, కొందరు హైదరాబాదులోని అశోక్ నగర్, చిక్కడపల్లి ప్రాంతాలకు వెళ్ళుట పరిపాటి. అక్కడ గది అద్దె, భోజనం, శిక్షణ రుసుము కలిసి వ్యవసాయ కుటుంబానికి పెద్ద భారమే. కావున ఏ భాగాన్ని ఇంటివద్ద చదువుకోవచ్చునో, దేనికి శిక్షణ అవసరమో ముందుగా తేల్చుకొనుట మంచిది.

పరీక్షా విధానం

2023 డిసెంబరు ప్రకటన ప్రకారం ప్రిలిమినరీలో రెండు పత్రాలు (జనరల్ స్టడీస్, జనరల్ ఆప్టిట్యూడ్), ఒక్కొక్కటి 120 మార్కులకు. తప్పు సమాధానానికి మూడవ వంతు మార్కు తగ్గించబడుతుంది. మెయిన్స్‌లో తెలుగు, ఇంగ్లీషు భాషా పత్రాలలో ఉత్తీర్ణత పొందితే చాలును. వాటి మార్కులు ర్యాంకుకు లెక్కింపబడవు. ర్యాంకుకు లెక్కించేవి ఐదు పత్రాలు: సాధారణ వ్యాసం, చరిత్ర, సంస్కృతి, భూగోళం, రాజ్యాంగం, పాలన, న్యాయం, నైతికత, ఆర్థిక వ్యవస్థ, శాస్త్ర సాంకేతికాలు, పర్యావరణం. ఒక్కొక్కటి 150 చొప్పున 750, మౌఖిక పరీక్షకు 75, మొత్తం 825 మార్కులు. ప్రతి ప్రకటనలోను విధానం మారవచ్చును గనుక పాత పుస్తకపు అట్ట వెనుక అచ్చువేసిన సిలబస్‌ను నమ్ముకొనరాదు.

స్థానిక విషయాల ప్రాధాన్యం

చరిత్ర, ఆర్థిక వ్యవస్థ పత్రాలలో ఆంధ్ర ప్రదేశ్‌కు సంబంధించిన భాగం ఉన్నది. ఈ భాగానికి మెట్ట ప్రాంతపు అభ్యర్థి పుస్తకాలలో వెదకవలసిన వస్తువు తన ఊరి పక్కనే ఉన్నది. జగ్గయ్యపేట సమీపంలో ధనంబోడు అనే గుట్టపైనున్న బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించెను. అక్కడి స్తంభ శాసనాలు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలానివి. అక్కడ లభించిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. పట్టణానికి ఆ పేరు పెట్టినవాడు అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. జగ్గయ్య ఆయన తండ్రి. పూర్వపు పేరు బేతవోలు.

నీటిపారుదల విషయంలోనూ ఇంతే. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సంగతి అందరూ వ్రాస్తారు. ఆ ప్రాజెక్టు కొరకు పాటుపడిన ముక్త్యాల రాజాను గురించి, ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం జిల్లాలు దాటి ఈ మెట్టకు చేరుటను గురించి, చివరి భూములకు నీరందుటలోని కష్టాన్ని గురించి వ్రాయగలవారు తక్కువ. కాలువ చివరనున్న రైతు ఇంట పుట్టిన అభ్యర్థి ఈ ప్రశ్నకు కంఠస్థం చేసిన జవాబు వ్రాయుట విచారకరం.

పుస్తకాలు

ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు సాంఘిక, సామాన్య శాస్త్ర పాఠ్యపుస్తకాలు పునాది. వీటిని చిన్నచూపు చూచి నేరుగా లావుపాటి గైడ్లతో ఆరంభించుట సాధారణంగా జరిగే పొరపాటు. తరువాత 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురణలు, రాజ్యాంగానికి లక్ష్మీకాంత్ గ్రంథం, వర్తమాన విషయాలకు ఒక దినపత్రిక, యోజన మాసపత్రిక చదవవచ్చును. శాఖా గ్రంథాలయాలలో దినపత్రికలు ఉచితంగా లభిస్తాయి. వ్రాత అభ్యాసం మాత్రం ఒంటరిగా సాగదు. జవాబులను దిద్ది ఇచ్చే ఒక అధ్యాపకుని ఆశ్రయించవలెను.

తెలుగు మాధ్యమం

గ్రూప్-1 మెయిన్స్‌ను తెలుగులో వ్రాయవచ్చును. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి సివిల్ సర్వీసు పరీక్షలోను ఈ వీలున్నది. తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికాంశంగా తీసుకొనవచ్చును. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ 2016 పరీక్షలో తెలుగులో వ్రాసి దేశంలో మూడవ ర్యాంకు పొందెను. కృష్ణా జిల్లా తీరప్రాంతపు చినగొల్లపాలెం వాసి రేవు ముత్యాలరాజు 2006 పరీక్షలో ప్రథముడు.

జాప్యాలు, వివాదాలు

చదువుకన్న నిరీక్షణయే ఎక్కువ కష్టమని చెప్పవలెను. 2011 ప్రకటనకు చెందిన మెయిన్స్ సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2016 సెప్టెంబరులో మరల జరిగినది. 2018 ప్రకటనకు చెందిన మెయిన్స్ 2020 డిసెంబరులో జరుగగా, జవాబు పత్రాల డిజిటల్ మూల్యాంకనాన్ని 2021లో హైకోర్టు త్రోసిపుచ్చినది. తిరిగి చేతితో దిద్దించి 2022లో ఫలితాలు ఇచ్చిరి. 2024 మార్చిలో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ మెయిన్స్‌నే రద్దు చేయగా, డివిజన్ బెంచి ఆ తీర్పుపై స్టే ఇచ్చినది. అప్పటికే ఉద్యోగంలో చేరినవారు, అవకాశం పోయినదని భావించినవారు ఇరువురూ దీనివలన నలిగిపోయిరి. 2023 ప్రకటనలో సాధారణ వర్గానికి వయోపరిమితి 42 సంవత్సరాలు. ఒక్క ప్రకటన నాలుగైదేండ్లు సాగితే ఆ పరిమితి త్వరగానే ముగుస్తుంది. డిగ్రీ కాగానే మరొక జీవనోపాధిని చూచుకొని, దానితోపాటు చదువుట ఈ ప్రాంతపు కుటుంబాలకు క్షేమకరం.

స్థానికత

జగ్గయ్యపేట తెలంగాణ సరిహద్దున ఉన్నందున ఈ విషయం ఇక్కడ ముఖ్యమైనది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, పదవ తరగతితో ముగిసే నాలుగు వరుస సంవత్సరాలు ఒకే ప్రాంతంలో చదివినవారిని ఆ ప్రాంతపు స్థానికులుగా పరిగణించినది. ఇల్లు జగ్గయ్యపేటలో ఉండి కోదాడలోనో ఖమ్మంలోనో బడికి వెళ్ళినవారు 2014 జూన్ 2 తరువాత పొరుగు రాష్ట్రపు లెక్కలోనికి వచ్చే అవకాశం ఉన్నది. అందుచేత దరఖాస్తుకు ముందే ఆరేడేండ్ల స్టడీ సర్టిఫికెట్లు సేకరించుకొని, తాజా ప్రకటనలోని స్థానికత నిబంధనతో సరిచూచుకొనవలెను.