జీరో యుద్ధవిమాన నమూనాకు రంగులు వేయడం

జీరో యుద్ధవిమాన నమూనాకు రంగులు వేయడం అనేది స్కేల్ మోడలింగ్ అనే అభిరుచిలో ఒక భాగం. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ నౌకాదళం వాడిన మిత్సుబిషి ఎ6ఎం జీరో విమానాన్ని ప్లాస్టిక్ కిట్ నుండి చిన్న పరిమాణంలో నిర్మించి, అసలు విమానానికి ఉన్నట్లే రంగులు, గుర్తులు, వాడకం వలన కలిగిన మరకలు కల్పించడం ఈ పని ఉద్దేశం. సాధారణంగా భాగాలను అతికించడం కన్నా రంగుల పనికే ఎక్కువ సమయం పడుతుంది. నమూనాపై వేసే రంగులు ఒక నిర్దిష్టమైన విమానం ఒక నిర్దిష్టమైన కాలంలో ఎలా ఉండేదో తెలియజేస్తాయి. అందువలన ఈ పనికి చేతి నైపుణ్యంతో పాటు చారిత్రక ఆధారాల పరిశీలన కూడా అవసరం.

అసలు విమానం

జీరో విమానాన్ని జిరో హొరికోషి నాయకత్వంలో మిత్సుబిషి సంస్థ రూపొందించింది. ఇది మొదటిసారి 1939 ఏప్రిల్ 1న ఎగిరింది. 1940లో నౌకాదళంలో చేరింది. జపాన్ సంప్రదాయ కాలగణన ప్రకారం 1940వ సంవత్సరం 2600 అవుతుంది. ఆ సంఖ్య చివరి అంకెను బట్టి దీనికి "సున్నా రకం" అనే పేరు వచ్చింది. యుద్ధం ముగిసేనాటికి 10 వేలకు పైగా జీరోలు తయారయ్యాయి. వీటిలో సగానికి పైగా నకజిమా సంస్థ కర్మాగారంలో తయారయ్యాయి. ఈ రెండు కర్మాగారాలు వాడిన రంగులలోను, రంగు వేసిన తీరులోను తేడాలు ఉన్నాయి. కనుక నమూనా చేసేవారు ముందుగా తాము ఎంచుకున్న విమానం ఏ కర్మాగారానిదో తెలుసుకోవాలి.

నమూనాల పరిమాణం

యుద్ధం తొలినాళ్ళలో వాడిన ఎ6ఎం2 మోడల్ 21 రెక్కల వెడల్పు 12 మీటర్లు, పొడవు సుమారు 9.06 మీటర్లు. దీని నమూనాలు ముఖ్యంగా మూడు స్కేళ్ళలో లభిస్తాయి.

* 1/72 స్కేలు: రెక్కల వెడల్పు సుమారు 16.7 సెం.మీ., పొడవు 12.6 సెం.మీ.
* 1/48 స్కేలు: రెక్కల వెడల్పు 25 సెం.మీ., పొడవు 18.9 సెం.మీ.
* 1/32 స్కేలు: రెక్కల వెడల్పు 37.5 సెం.మీ., పొడవు 28.3 సెం.మీ.

జపాన్‌లోని షిజువొకా ప్రాంతం ప్లాస్టిక్ నమూనాల తయారీకి పేరు పొందింది. టమియా, హసెగావా సంస్థలు ఈ ప్రాంతానికి చెందినవే. రెండూ జీరో కిట్లను పలు స్కేళ్ళలో విడుదల చేశాయి.

రంగు వేసేటప్పుడు స్కేలును ఎల్లప్పుడూ గుర్తుంచుకోవాలి. 1/48 నమూనాపై 0.05 మి.మీ. మందం గల పూత అసలు విమానంపై 2.4 మి.మీ. మందం గల పొరతో సమానం. అందుకే పూతలు వీలైనంత పల్చగా ఉండాలి.

విమానం రంగులు

బూడిద రంగుపై చర్చ

1940 నుండి 1943 వరకు తయారైన జీరోలకు పైనా కిందా ఒకే రంగు ఉండేది. ఆ రంగు ఏది అన్నదే ఈ విషయంలో అన్నిటికన్నా పాత చర్చ. యుద్ధకాలపు ఫోటోలలో అధికభాగం నలుపు తెలుపువి. వాటిలో విమానం లేత బూడిద రంగుగానో, దాదాపు తెల్లగానో కనిపిస్తుంది. ఆ కారణంగా చాలాకాలం పాటు నమూనాలకు లేత బూడిద రంగునే వేసేవారు.

తరువాతి కాలంలో కూలిన విమానాల శకలాలను పరిశోధకులు పరిశీలించారు. చాలా ముక్కలపై బూడిద రంగుతో పాటు ఆకుపచ్చ, గోధుమ ఛాయలు కనిపించాయి. యుద్ధకాలపు నౌకాదళ పత్రంలో ఈ రంగును వర్ణిస్తూ "అమె-ఇరో" అనే మాట వాడారు. అమె అనేది ధాన్యపు పిండితో చేసే పాకం వంటి జపాన్ మిఠాయి. ఆ మాటకు ఆ పాకపు రంగు అని అర్థం. ఈ ఛాయ మొదటి నుండి ఉన్నదేనని కొందరు, కాలం గడిచి పూత పసుపెక్కడం వలన కొంత వచ్చిందని మరికొందరు వాదిస్తారు. ఎండకు, ఉప్పుగాలికి ఈ పూత పైపొర సుద్దలా తెల్లబడుతుంది. కాబట్టి కర్మాగారం నుండి వచ్చిన కొత్త విమానం, ఉష్ణమండల దీవులలో కొన్ని నెలలు ఆరుబయట ఉన్న విమానం ఒకే ఛాయలో ఉండే అవకాశం లేదు. నేడు రంగుల తయారీదారులు ఈ విమానం కోసం ఆకుపచ్చ ఛాయ గల బూడిద రంగును ప్రత్యేకంగా అమ్ముతున్నారు. టమియా సంస్థ ఎక్స్‌ఎఫ్-76 సంఖ్యతో అమ్మే రంగు ఇటువంటిదే.

చుక్కాని, ఎలివేటర్లు, ఎలెరాన్లు వంటి కదిలే భాగాలకు లోహపు రేకు కాక గుడ్డ కప్పి ఉండేది. గుడ్డపై వేసిన పూత వేరు కావడం వలన ఆ భాగాలు కొద్దిగా భిన్నమైన బూడిద రంగులో కనిపించేవి. ఈ చిన్న తేడాను చూపితే నమూనా సహజంగా కనిపిస్తుంది.

ఆకుపచ్చ రంగు

యుద్ధం జపాన్‌కు ప్రతికూలంగా మారిన తరువాత నేలపై నిలిపిన విమానాలను పైనుండి శత్రువులు గుర్తించకుండా దాచవలసి వచ్చింది. 1943లో రబౌల్ వంటి స్థావరాలలో బూడిద రంగు విమానాలపైనే ఆకుపచ్చ రంగును మచ్చలుగా, చారలుగా వేశారు. 1943 మధ్యకాలం నుండి కర్మాగారాలలోనే పైభాగానికి ముదురు ఆకుపచ్చ వేయడం మొదలైంది. కిందిభాగం మాత్రం బూడిద రంగులోనే ఉండేది. మిత్సుబిషి విమానాలలో ఈ రెండు రంగుల సరిహద్దు తోక వరకు దాదాపు తిన్నగా సాగుతుంది. నకజిమా విమానాలలో అది వంపు తిరిగి తోక అడ్డరెక్క ముందంచు వైపు పైకి లేస్తుంది. ఫోటోలో విమానం ఏ కర్మాగారానిదో గుర్తించడానికి ఇది సులువైన ఆనవాలు.

ఇతర భాగాలు

* ఇంజను తొడుగు: నలుపు. మిత్సుబిషి విమానాలలో కొద్దిగా నీలి ఛాయ ఉంటుంది.
* పైలట్ కూర్చునే గది: పసుపు ఛాయ గల ఆకుపచ్చ. కర్మాగారాన్ని బట్టి ఛాయ మారుతుంది.
* విమాన దేహం లోపలి లోహభాగాలు: ఆవోటాకె అనే పారదర్శకమైన నీలి-ఆకుపచ్చ పూత. ఈ మాటకు పచ్చి వెదురు అని అర్థం. అల్యూమినియం తుప్పు పట్టకుండా దీనిని పూసేవారు. నమూనాపై ముందుగా వెండి రంగు వేసి, దానిపై పారదర్శకమైన నీలం, ఆకుపచ్చ కలిపి పల్చగా వేస్తే ఈ మెరుపు వస్తుంది.
* ప్రొపెల్లర్: తొలి విమానాలలో ముందువైపు లోహపు రంగు, పైలట్‌కు కనిపించే వెనుకవైపు మెరుపు లేని ఎర్రగోధుమ రంగు. తరువాతి విమానాలలో రెండువైపులా గోధుమ రంగే.

గుర్తులు

విమాన దేహానికి రెండువైపులా, రెక్కలపైన, రెక్కల కింద హినోమారు అనే ఎర్రని సూర్యబింబాలు మొత్తం ఆరు ఉంటాయి. ఆకుపచ్చ రంగు వచ్చిన తరువాత ఎర్రబింబం స్పష్టంగా కనిపించడానికి చుట్టూ సుమారు 75 మి.మీ. తెల్లని అంచు వేశారు. 1/48 స్కేలులో ఇది 1.5 మి.మీ. కన్నా కొద్దిగా ఎక్కువ. రెక్కల ముందంచుపై పసుపు పట్టీ 1942 ద్వితీయార్ధంలో వచ్చింది. కాబట్టి 1941 నాటి విమానానికి పసుపు పట్టీ వేస్తే అది పొరపాటు.

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై దాడి చేసిన ఆరు విమానవాహక నౌకల విమానాలను దేహంపై గల పట్టీలను బట్టి గుర్తించవచ్చు.

* అకాగి: ఒక ఎర్ర పట్టీ
* కాగా: రెండు ఎర్ర పట్టీలు
* సోర్యు: ఒక నీలి పట్టీ
* హిర్యు: రెండు నీలి పట్టీలు
* షోకాకు: ఒక తెల్ల పట్టీ
* జుయికాకు: రెండు తెల్ల పట్టీలు

పని దశలు

శుభ్రత, ప్రైమర్

అతుకుల వద్ద మిగిలిన సందులను లప్పంతో నింపి, నీటిలో తడిపి వాడే సన్నరకం ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు. తరువాత నమూనాను సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. వేళ్ళ జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. పైలట్ గది గాజు కప్పును సన్నని మాస్కింగ్ టేపుతో కప్పుతారు. ఆపైన ప్రైమర్ పల్చగా వేస్తే కంటికి కనిపించని గీతలు, గుంటలు బయటపడతాయి. వాటిని ఈ దశలోనే సరిచేయడం మేలు.

ప్రధాన రంగు

రంగును కుంచెతో గాని, ఎయిర్‌బ్రష్‌తో గాని, డబ్బా స్ప్రేతో గాని వేయవచ్చు. ఎయిర్‌బ్రష్ వాడేవారు రంగును థిన్నర్‌తో పాల చిక్కదనానికి తెచ్చి, తక్కువ గాలి ఒత్తిడితో రెండు మూడు పల్చని పూతలు వేస్తారు. ఒక పూత ఆరిన తరువాతనే మరొకటి వేయాలి. రెండు రంగుల విమానమైతే లేత రంగును ముందు, ముదురు రంగును తరువాత వేస్తారు.

డెకాళ్ళు

గరుకుగా ఉన్న పూతపై డెకాల్ అతికిస్తే దాని కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. దీనిని నివారించడానికి ముందు మెరుపు వార్నిష్ వేస్తారు. డెకాల్‌ను నీటిలో నానబెట్టి, కాగితంపై నుండి జరిపి, సరైన చోట ఉంచి, మెత్తని గుడ్డతో నీటిని అద్దాలి. సూర్యబింబాలను డెకాళ్ళకు బదులు గుండ్రంగా కోసిన టేపు సాయంతో రంగుతోనే వేసేవారు కూడా ఉన్నారు. అలా వేస్తే బింబం అంచు ఎత్తుగా కనిపించదు.

వాష్, చివరి పూత

రేకుల మధ్య గీతలలో బాగా పల్చన చేసిన ముదురు రంగును పారించి, మిగిలినదాన్ని తుడిచివేయడాన్ని వాష్ అంటారు. ఆక్రిలిక్ రంగుపై మెరుపు వార్నిష్ వేసి, అది పూర్తిగా ఆరిన తరువాత ఎనామెల్ వాష్ వాడితే కింది పూత చెడదు. ఎనామెల్ రంగుపై నేరుగా ఎనామెల్ వాష్ వాడితే కింది రంగు కరిగిపోతుంది. చివరగా విమానం పాతదనాన్ని బట్టి సగం మెరుపు వార్నిష్ గాని, మెరుపు లేని వార్నిష్ గాని వేస్తారు.

వాడకపు ఛాయలు

జపాన్ విమానాలన్నిటికీ రంగు పొరలు పొరలుగా ఊడిపోయి ఉండేదనే అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. సైన్యం వాడిన కొన్ని విమానాల విషయంలో ఇది నిజం. వాటికి ప్రైమర్ లేకుండా లోహంపై నేరుగా ఆకుపచ్చ వేసేవారు. మిత్సుబిషి తయారుచేసిన తొలి జీరోలకు మాత్రం బూడిద రంగు కింద ఎర్రగోధుమ రంగు ప్రైమర్ ఉండేది. పూత గట్టిగా పట్టి ఉండేది. విమానవాహక నౌకలపై వాటి నిర్వహణ కూడా శ్రద్ధగా జరిగేది. కనుక పెర్ల్ హార్బర్ నాటి విమానంపై పెద్ద పెద్ద వెండి మచ్చలు వేయడం చరిత్రకు విరుద్ధం. 1/48 నమూనాపై 1 మి.మీ. మచ్చ అసలు విమానంపై దాదాపు 5 సెం.మీ. మేర ఊడిన రంగు అవుతుందని గుర్తుంచుకోవాలి. పొగగొట్టాల వెనుక మసి, ఇంజను కింద నూనె జాడలు, పైలట్ ఎక్కే చోట అరుగుదల మితంగా చూపితే సరిపోతుంది.

ఒక ఉదాహరణ: అకుటాన్ జీరో

ఆధారాలు బాగా లభించే విమానాలలో డిఐ-108 ఒకటి. ఇది ర్యూజో అనే విమానవాహక నౌకకు చెందిన మిత్సుబిషి తయారీ మోడల్ 21. 1942 జూన్ 4న అలాస్కాలోని డచ్ హార్బర్‌పై దాడిలో దీనికి తుపాకీ గుళ్ళు తగిలి నూనె కారిపోయింది. పైలట్ తదయోషి కోగా అకుటాన్ దీవిలో పచ్చికనేల అనుకొని చిత్తడినేలలో దిగడంతో విమానం తలక్రిందులైంది. 19 ఏళ్ళ కోగా మెడ విరిగి మరణించాడు. జూలైలో అమెరికన్లు ఈ విమానాన్ని కనుగొని, శాన్ డియెగోకు తరలించి, మరమ్మతు చేసి సెప్టెంబరులో పరీక్షగా ఎగురవేశారు. అప్పటికి దానిపై అమెరికా రంగులు, నక్షత్రం గుర్తులు వచ్చాయి. అంటే నాలుగు నెలల లోపే ఒకే విమానం రెండు దేశాల గుర్తులు ధరించింది. తేదీ నిర్ణయించుకోకుండా రంగు నిర్ణయించడం సాధ్యం కాదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ఆంధ్ర తీరంతో సంబంధం

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసిన విమానాలు ఇదే ర్యూజో నౌక నుండి వచ్చినవి. అయితే ఆ బాంబులు వేసినవి జీరోలు కావు, నకజిమా బి5ఎన్ రకం దాడి విమానాలు. ఆ సంఘటనను నమూనాలో చూపదలచినవారు బి5ఎన్ కిట్‌ను ఎంచుకోవాలి. అదే వారంలో కొలంబో, ట్రింకోమలీలపై జరిగిన దాడులలో ఇతర నౌకల జీరోలు పాల్గొన్నాయి. ర్యూజో 1942 ఆగస్టు 24న సోలమన్ దీవుల సమీపంలో మునిగిపోయింది.

జాగ్రత్తలు

లక్కర్, ఎనామెల్ రంగులు, థిన్నర్ల ఆవిరి ఆరోగ్యానికి హానికరం, త్వరగా మండే స్వభావం కలది. గాలి బాగా ఆడే చోట, నిప్పుకు దూరంగా పనిచేయాలి. స్ప్రే చేసేటప్పుడు తగిన ముసుగు ధరించాలి. ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే ప్లాస్టిక్ ధూళి లేస్తుంది కాబట్టి తడిగా రుద్దడం మంచిది. పిల్లలు పెద్దల పర్యవేక్షణలో నీటితో పల్చన చేయగల ఆక్రిలిక్ రంగులతో, కుంచెతో మొదలుపెట్టవచ్చు.

ఇవి కూడా చూడండి

* రెండవ ప్రపంచ యుద్ధం
* పెర్ల్ హార్బర్‌పై దాడి
* విమానవాహక నౌక
* విశాఖపట్నం
* కాకినాడ