మణుగూరు వేడినీటి విద్యుత్తు

నానక్‌రామ్‌గూడలో నేడు ఆకసమంటు అద్దాల మేడలను చూచుచున్నాము. వాని పునాదుల క్రింద నున్నది సుమారు 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు. అందులో బోరు వేసినచో చల్లని నీరు వచ్చును. అదృష్టము లేనిచో అదియును రాదు. ఆ మేడలను చల్లబరచు విద్యుత్తునకు మనము చిరకాలముగా గోదావరి లోయను నమ్ముకొన్నాము. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. నేడు కానరాని హుస్సేన్‌సాగరు తాపవిద్యుత్కేంద్రము 1920లో వెలసినది.

ఆ లోయలోనే, బొగ్గుకొఱకు బోర్లు వేయుచుండగా, మణుగూరు చెంత పగిడేరులో వేడినీరు తనంత తానుగా పైకుబికినది. మోటారు అక్కఱలేదు. గోదావరి లోయ రెండు పెద్ద బీటల నడుమ క్రుంగిన నేల. దానిని నింపిన ఇసుకరాతి పొరలలోనికి దిగిన వాననీరు భూగర్భపు వేడిని గ్రహించి, ఒత్తిడిచే మరల పైకి వచ్చును.

అయితే ఇది మరుగు నీరు కాదు. ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో గినోరి కొంటి ఐదు దీపములు వెలిగించినది భూమి యిచ్చిన ఆవిరితో. మరుగని నీటితో యంత్రమును త్రిప్పుట యెట్లు? నీటికంటె త్వరగా మరుగు ద్రవమును ఆ వేడినీటిచే కాచి, దాని యావిరితో టర్బైనును త్రిప్పి, చల్లార్చి, మరల వాడుదురు. 1967లో కామ్చాట్కాలోని పరాతున్కాలో సోవియట్ శాస్త్రజ్ఞులు 81 డిగ్రీల నీటితో దీనిని సాధించిరి.

ఈ దశాబ్దమున బొగ్గు సంస్థయైన సింగరేణియే పగిడేరులో నెలకొల్పిన ప్రయోగకేంద్రము శక్తి 20 కిలోవాట్లు. గదులలో వాడు ఏసీలు పదింటికో పన్నెండింటికో చాలును. అద్దాల మేడలో ఒక్క అంతస్తుకైన చాలదు. నవ్వుటకు ముందు లెక్క చూతము. వేడినీరు 70 డిగ్రీలు, చల్లార్చు నీరు 30 డిగ్రీలు అనుకొన్నచో, నూటికి 12 పాళ్లకు మించి పనిగా మారదు. ఇది 1824లో సాది కార్నో చూపిన హద్దు. నిజయంత్రమున అందులో సగము దక్కినను మేలే. పైగా చలిదేశమగు కామ్చాట్కాలో చల్లని నీరు సులభము. మన వేసవిలో చల్లార్చు నీరే వెచ్చబడును.

కనుక ఈ విద్యుత్తును నగరమునకు తెచ్చుటకంటె అచ్చటనే వాడుట మేలని మా తలంపు. టర్బైను విడిచిన నీటిలోను వేడి మిగులును. దానితో ఖమ్మం మిరపను ఆరబెట్టవచ్చును. తోడిన నీటిని మరల లోనికి పంపుచు, బోరులోని ఒత్తిడిని ఏటేట కొలువవలెను. లేనిచో వేడి అడుగుననే యుండియు, దానిని మోసికొనివచ్చు నీరు తగ్గును.