వేంగీ చాళుక్య శాసనములలో మాతృపక్ష బంధుత్వము

భారతకథను వైశంపాయనుడు జనమేజయునకు వినిపించెను. జనమేజయుడు పరీక్షిత్తు కుమారుడు, అభిమన్యుని మనుమడు, అర్జునుని మునిమనుమడు. శ్రాద్ధమునందు పిండభాక్కులైన పితరులు తండ్రి, తాత, ముత్తాత అను మువ్వురే. అంతకు పైవారు లేపభాక్కులు మాత్రమే. అనగా జనమేజయుడు అడిగి చెప్పించుకొన్నది తన పిండమునకు అర్హులైనవారిలో కడపటివాని కథ. తాత చిన్నవయసుననే యుద్ధమున మడిసెను. ముత్తాతలు మహాప్రస్థానమున కరిగిరి. ఇక మిగిలినది వినుట యొక్కటే.

ఆ కథనే తెనుగున వినగోరిన రాజరాజనరేంద్రుడు కూడ అట్టి హేతువునే చెప్పినట్లు నన్నయ వ్రాసెను. చంద్రుడు మొదలుగా పూరుడు, భరతుడు, కురువు, పాండురాజు వంశకర్తలైన తన వంశమున పాండవుల చరిత్రము వినుటయందు తనకు మిక్కిలి మక్కువ యని రాజు పలుకును. దీనిని చంద్రవంశాభిమానమని చెప్పి ముందునకు సాగుట మనకు అలవాటైనది. కాని ఆ పరంపరలో రాజు పేర్కొన్నవారందరు పురుషులు, అందరు పితృపక్షమువారు. ఆతని సింహాసనమును నిలిపిన బంధువు లొక్కరును అందు లేరు. వారికొరకు మనము శాసనములను చూడవలసి యున్నది.

వేంగీ చాళుక్యుల శాసనములలో వంశకథనము మొదటినుండి ఒకే రీతిగా లేదు. ప్రాచీన శాసనములలో మానవ్యసగోత్రులు, హారీతీపుత్రులు అను బిరుదావళి ప్రధానము. పిమ్మట కుబ్జవిష్ణువర్ధనుడు మొదలుగా ఒక్కొక్క రాజు ఎన్ని యేండ్లు పాలించెనో లెక్కించి చెప్పు ఆచారమేర్పడెను. చరిత్రకారులకు ఈ లెక్కలు చేసిన మేలు ఇంతింత కాదు. బ్రహ్మ, చంద్రుడు మొదలుకొని పౌరాణిక పురుషులను వరుసగా చెప్పి, అయోధ్యనేలిన చక్రవర్తుల మీదుగా దక్షిణాపథమునకు దిగివచ్చు దీర్ఘవంశావళి మనకు విమలాదిత్యుని రణస్తిపూండి శాసనమున కానవచ్చుచున్నది. చోళులకు సూర్యవంశము ఎప్పటినుండియో ఉన్నది. చోళరాజపుత్రికను చేపట్టిన రాజు కాలముననే ఈ చంద్రవంశావళి ఇంత విపులముగా వెలయుట యాదృచ్ఛికము కాదని మా అభిప్రాయము. వియ్యమందువారి వంశము గొప్పదైనపుడు తన వంశమును కూడ వెదకి చూచుకొనుట లోకమున నేటికిని ఉన్నదే.

ఆ వియ్యము ఏర్పడిన తీరు విచారింపదగినది. 973లో దానార్ణవుడు జటాచోడ భీముని చేత హతుడయ్యెను. తరువాతి 27 సంవత్సరములు వేంగి అనాయకముగా ఉండెనని చాళుక్య శాసనములు చెప్పును. దానార్ణవుని కుమారులైన శక్తివర్మ, విమలాదిత్యులు చోళరాజు అండ చేరిరి. మొదటి రాజరాజచోళుని తోడ్పాటుతో శక్తివర్మ సుమారు 1000 ప్రాంతమున వేంగిని మరల పొందెను. రాజరాజు తన కుమార్తె కుందవను విమలాదిత్యున కిచ్చి వివాహము చేసెను. వీరి కుమారుడే రాజరాజనరేంద్రుడు. కోరుమిల్లి శాసనము కుందవను సూర్యవంశజుడైన రాజరాజు పుత్రికగాను, రాజేంద్రచోళుని చెల్లెలిగాను పరిచయము చేయుచున్నది. తండ్రి పేరు చెప్పిన చాలును గదా. అన్న పేరేల చెప్పవలసి వచ్చెను? రాజరాజనరేంద్రునకు ఆ అన్న మేనమామ. అంతియే కాదు, ఆతని కుమార్తె అమ్మంగదేవిని ఈ మేనల్లుడు వివాహమాడెను గనుక ఆయన పిల్లనిచ్చిన మామ కూడ. తెలుగులో ఈ రెండు వరుసలకును మామ యనునదే మాట. తండ్రి తోబుట్టువును, భార్య తల్లియు అత్తయే. మేనరికము ఆచారముగా గల జాతి భాష యిది. బౌధాయన ధర్మసూత్రమున దాక్షిణాత్యుల ప్రత్యేకాచారములలో మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లాడుట చెప్పబడినది. వేంగిలో అట్టి సంబంధము ఒక తరముతో ఆగలేదు. అమ్మంగదేవి కుమారుడు తన మేనమామయైన రాజేంద్రదేవుని కుమార్తె మధురాంతకిని చేపట్టెను.

పేర్లను చూచినను ఈ విషయమే తెలియును. వేంగిరాజులు విష్ణువర్ధన, విజయాదిత్య అను పేర్లను మార్చి మార్చి ధరించుట కద్దు. రాజరాజనరేంద్రుడు శాసనములలో విష్ణువర్ధన మహారాజే. కాని లోకమున ఆతని పేరు రాజరాజు, అనగా మాతామహుని పేరు. ఆతని కుమారుడు మొదట రాజేంద్రుడు. అదియు మాతామహుని పేరే. రాజ్యమునకు సంబంధించిన పేరు తండ్రివైపు నుండియు, పిలుచుకొను పేరు తల్లివైపు నుండియు వచ్చినవి. రెండు తరములుగా వచ్చిన దానిని కాకతాళీయ మనజాలము.

మాతృపక్షము ఇంత సన్నిహితమగుటకు పితృపక్షము ప్రతికూలమగుట ఒక కారణము. కల్యాణి చాళుక్యులు తాము బాదామి వంశీయులమనియే చెప్పుకొనిరి. వేంగి మూలపురుషుడు కుబ్జవిష్ణువర్ధనుడు బాదామి రెండవ పులకేశికి తమ్ముడు. ఆ లెక్కన కల్యాణివారు వేంగివారికి జ్ఞాతులు. కాని జ్ఞాతులు తోడ్పడినది రాజరాజునకు కాదు, ఆతని సవతి తమ్ముడైన విజయాదిత్యునకు. విమలాదిత్యుని పాలనము 1018 ప్రాంతమున ముగిసినను రాజరాజునకు పట్టాభిషేకము శకవర్షము 944లో, అనగా 1022లో గాని జరుగలేదు. తరువాతను కలహము శమింపలేదు. వేంగికి వచ్చిన చోళసేనలు కర్ణాట సేనలతో పోరాడెను. ఆ పోరున మడిసిన మువ్వురు చోళసేనానుల స్మృతికై రాజరాజు కలిదిండిలో శివాలయములు కట్టించినట్లు కలిదిండి శాసనము వలన తెలియుచున్నది. మేనమామ పంపగా వచ్చి, మేనల్లుని కొరకు పరదేశమున ప్రాణములు విడిచినవారికి ఆ మేనల్లుడు చేసిన కృత్యమిది. దాయాదుల పోరు ఇంతగా ఎరిగిన రాజు దాయాదుల పోరే వస్తువైన కావ్యమును కోరుటలో చంద్రవంశాభిమానము కంటె లోతైన కారణ మొకటి యుండెనని మేము తలంచుచున్నాము. నన్నయ దానిని చెప్పలేదు. ఆస్థానకవి చెప్పదగినదియు కాదు.

ఐనను బంధుత్వమే రాజనీతి యని భ్రమపడరాదు. కళింగ గంగరాజు అనంతవర్మకు చోడగంగ నామము చోళ రాజపుత్రికయైన తల్లి రాజసుందరి మూలమున వచ్చినది. అయినను చోళసేన కళింగముపై దండెత్తక మానలేదు.

అమ్మంగదేవి కుమారుడు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యెను. పితృవంశము ననుసరించి ఆతడు చాళుక్యుడు; ఏలినది తాతగారి యింటి రాజ్యము. ఈ చిక్కును విప్పుటకు తమిళకవి జయంగొండార్ తన కళింగత్తుప్పరణిలో నేర్పరియైన మార్గమును త్రొక్కెను. శిశువు పుట్టగనే అమ్మమ్మయైన చోళరాజ్ఞి ఆ బిడ్డను చూచి, సూర్యవంశమునకు కుమారుడు కాదగినవాడని మురిసినట్లు ఆతడు వర్ణించెను. వంశము మారుటకు శాస్త్రప్రమాణము నాతడు వెదకలేదు. అమ్మమ్మ ఒడి చాలునని యెంచెను.

వేంగి మాటయేమి? కులోత్తుంగుడు దానిని పినతండ్రి విజయాదిత్యునకు విడిచెను. తండ్రితో జీవితమంతయు పోరిన సవతి సోదరుడే యితడు. ఈతడు 15 ఏండ్లు పాలించి గతించెనని చెల్లూరు శాసనము చెప్పును. పిదప కులోత్తుంగుడు తన కుమారుడు రాజరాజ ముమ్మడిచోడుని వేంగికి పంపెను. ఈ కుమారునకు వచ్చినది పితామహుని పేరు. పంపబడినది పితామహుడేలిన నేలకు. కాని ఆతడు ఒక్క యేడు మాత్రమే యుండి, తలిదండ్రుల పాదసేవా సుఖమునకు రాజ్యసుఖము సాటి కాదని తలచి వారికడకు తిరిగి వెళ్లెనట. శాసనకవి దీనిని పితృభక్తిగా ప్రశంసించెను. మాకు మాత్రము ఇందు వేరొక సత్యము కూడ కనిపించుచున్నది. వంశావళి ప్రకారము వేంగి ఆతని స్వస్థలము. కాని ఆతడు తనవారని యెరిగినవారందరు కావేరీతీరమున నుండిరి.

1078లో ఆతని తమ్ముడు వీరచోడుడు వేంగికి వచ్చెను. చెల్లూరు శాసనము ఈతనిదే. అమ్మంగదేవి, మధురాంతకుల పేర్లు అందు కలవు. వంశావళి మాత్రము యథాప్రకారముగా చంద్రవంశముతోనే మొదలగును. దానిని వేయించిన రాజు పేరు చివర చోడశబ్ద మున్నది.