కొత్త బ్యాటరీ వేశాక కారులో కొత్త తిప్పలా? మెకానిక్ దగ్గరకు పరుగెత్తే ముందు ఇవి చూడండి!

నంద్యాల: కారు బ్యాటరీ డౌన్ అయింది. కొత్తది వేయించగానే ఇంజిన్ స్టార్ట్ అయింది. కానీ గడియారం 12:00 చూపిస్తోంది, అద్దం ఒక్క నొక్కుతో పైకి పోవడం లేదు, మ్యూజిక్ సిస్టమ్ కోడ్ అడుగుతోంది, డ్యాష్‌బోర్డ్‌లో ఏదో లైటు వెలుగుతూనే ఉంది. దీంతో ‘ఈసీఎం పోయిందేమో’ అని చాలామంది కంగారు పడిపోతారు. నిజానికి వీటిలో చాలావరకు రిపేర్లే కావు. పైసా ఖర్చు లేకుండా ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు.

అసలు ఎందుకిలా?

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు వేసవిలో ఎండ 44, 45 డిగ్రీల దాకా వెళ్తుంది. ఈ వేడికి బ్యాటరీలోని నీరు ఆవిరై, సీసం ప్లేట్లు త్వరగా దెబ్బతింటాయి. బ్యాటరీ పూర్తిగా పోయినా, మార్చడానికి విప్పినా కారు కంప్యూటర్‌కు కరెంటు ఆగిపోతుంది. అది గుర్తుపెట్టుకున్న కొన్ని సెట్టింగులు చెరిగిపోతాయి. వాటిని మళ్లీ నేర్పించాలి, అంతే.

ఏ సమస్యకు ఏం చేయాలి?

* పవర్ విండో: అద్దం పూర్తిగా పైకెత్తి, స్విచ్‌ను మరో 5 సెకన్లు అలాగే పట్టుకోండి. చాలా మోడళ్లలో ఆటో ఫంక్షన్ తిరిగి వస్తుంది. ప్రతి డోర్‌కూ విడిగా చేయాలి.
* ఇంజిన్ ఐడ్లింగ్‌లో వణకడం: ఏసీ, లైట్లు ఆపి ఇంజిన్‌ను 10 నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి. తర్వాత కొన్ని కిలోమీటర్లు మామూలుగా నడిపితే సర్దుకుంటుంది.
* స్టీరింగ్ లేదా ఈఎస్‌పీ లైటు: బండి నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్‌ను ఎడమకు, కుడికి చివరి దాకా తిప్పండి. కొద్ది దూరం నడిపితే చాలా కార్లలో ఆరిపోతుంది.
* మ్యూజిక్ సిస్టమ్ కోడ్: కారుతో ఇచ్చిన పుస్తకంలో లేదా కార్డుపై ఉంటుంది. ఊహించి కొట్టొద్దు. పదేపదే తప్పు కొడితే సిస్టమ్ లాక్ అవుతుంది.

అయినా తగ్గకపోతే?

ముందుగా టెర్మినల్స్ చూడండి. చేత్తో తిప్పితే కదులుతున్నాయంటే సరిగా బిగించలేదన్నమాట. గతుకుల్లో కరెంటు తెగుతూ లైట్లు మిణుకుమంటాయి. తెల్లటి పొడి పేరుకుని ఉంటే శుభ్రం చేయించాలి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్.. ఈ వరుస తప్పకూడదు.

బ్యాటరీ కొనేటప్పుడు చివరి అక్షరం కూడా ముఖ్యమే. 38బీ20ఎల్, 38బీ20ఆర్ సైజులో ఒకటే అయినా ప్లస్, మైనస్ స్థానాలు తారుమారుగా ఉంటాయి. వైర్లు అటుదిటు తగిలిస్తే మెయిన్ ఫ్యూజ్, ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. ఆటో స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లకు మామూలు బ్యాటరీ పనికిరాదు. ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకంలో కంపెనీ చెప్పినదే వేయించాలి.

ఈ లైటు వస్తే మాత్రం జాగ్రత్త!

ఇంజిన్ నడుస్తుండగా ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగితే తప్పు చాలాసార్లు బ్యాటరీది కాదు, ఛార్జింగ్‌ది. మీటర్‌తో చూపించండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైతే సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ ఆన్‌లో చాలా కార్లకు 13.5 నుంచి 14.7 వోల్టులు రావాలి. అంతకన్నా తక్కువ ఉంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయడం లేదని అనుమానించాలి. ఆ స్థితిలో రాత్రిపూట హెడ్‌లైట్లు, ఏసీ వేసుకుని నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు బయల్దేరితే, కొత్త బ్యాటరీ కూడా ఖాళీ అయి హైవేపైనే బండి ఆగిపోవచ్చు.

ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకపోయినా, కాలిన వాసన వచ్చినా, వేసిన ఫ్యూజ్ మళ్లీ మళ్లీ పోతున్నా సొంత ప్రయోగాలు వద్దు. స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌కే చూపించాలి. స్కాన్ చేయకుండానే ‘ఈసీఎం మార్చాలి’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు.

మరో మాట.. బ్యాటరీ మార్చేటప్పుడు కీ జేబులోనే ఉంచుకోండి. కరెంటు తగలగానే కొన్ని కార్ల డోర్లు వాటంతటవే లాక్ అవుతాయి!